టమాటా ఆకు గాయం కబురు పక్క ఆకుకు చేరే దారి: మూడు ఎలక్ట్రోడ్లతో ఒక కేస్ స్టడీ

టమాటా మొక్కలో కింది ఆకు కొసను అగ్గిపుల్లతో కాలిస్తే, కాసేపటికి ఆ ఆకు కాడ మీద వోల్టేజి పదుల మిల్లీవోల్టులు పడిపోతుంది. ఇంకాసేపటికి పై ఆకు కాడ మీద కూడా కొంత పడవచ్చు. కొన్ని నిమిషాల్లో మెల్లగా పైకి లేస్తుంది. ఈ మార్పును తెర మీద చూడడం తేలికే. అది మొక్క నుంచే వచ్చిందని, కొలిచే వైరు కదలడం వల్లో ఎలక్ట్రోడ్ కింద పెట్టే జెల్ ఎండడం వల్లో వచ్చింది కాదని నిరూపించడమే అసలు పని. ఒక్క ఎలక్ట్రోడ్‌తో ఆ నిరూపణ కుదరదు. దూరం తెలిసిన రెండు చోట్లకు సంకేతం ఒకదాని తర్వాత ఒకటిగా చేరిందని చూపించగలిగితేనే రికార్డుకు విలువ. ఈ కేసులో ప్రతి నిర్ణయం ఆ ఒక్క షరతు చుట్టూనే తిరుగుతుంది.

టమాటానే తీసుకోవడానికి కారణం ఉంది. గాయపడిన టమాటా మొక్కలపై 1992లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనలో, కాడను చల్లబరిచి ఫ్లోయం (ఆకులు తయారుచేసిన చక్కెరను మోసే నాళాలు) రవాణాను ఆపినా విద్యుత్ సంకేతం దాటింది. గాయం తగలని దూరపు ఆకులో ప్రోటీనేజ్ ఇన్హిబిటర్ జన్యువు కూడా మేల్కొంది. ఆ జన్యువు నుంచి తయారయ్యేది ఆకు తినే పురుగుల జీర్ణక్రియను దెబ్బతీసే ప్రోటీన్. అంటే ఇక్కడ విద్యుత్ సంకేతం ఊరికే పుట్టి పోయేది కాదు, మొక్క రక్షణతో ముడిపడి ఉంది. పైగా నారు ఎక్కడైనా దొరుకుతుంది, నాలుగైదు వారాల మొక్కలో పనికి సరిపడా కాడ పొడవు ఉంటుంది.

ఏ సంకేతం కోసం చూస్తున్నాం

మొక్కల్లో దూరం ప్రయాణించే విద్యుత్ సంకేతాలు ముఖ్యంగా రెండు. మొదటిది యాక్షన్ పొటెన్షియల్. కాల్షియం కణంలోకి వస్తుంది, క్లోరైడ్ బయటికి పోతుంది, ఆ తర్వాత పొటాషియం బయటికి పోయి కణాన్ని మళ్లీ మొదటి స్థితికి తెస్తుంది. జంతువుల నరాల్లోలా సోడియం పాత్ర ఇక్కడ ఉండదు. హద్దు దాటితే పూర్తిగా వస్తుంది, దాటకపోతే రాదు. అత్తిపత్తి కాడలో ఇది సెకనుకు సుమారు 20 నుంచి 30 మి.మీ. వేగంతో పోతుంది.

రెండోది వేరియేషన్ పొటెన్షియల్. కాల్చినప్పుడూ నలిపినప్పుడూ వచ్చేది ఎక్కువగా ఇదే. గాయం దగ్గర జైలెం (వేరు నుంచి నీళ్లు మోసే నాళాలు) లోని ఒత్తిడి ఒక్కసారిగా మారుతుంది. ఆ ఒత్తిడి అల, దానితో కొట్టుకొచ్చే రసాయనాలు దారిలోని కణాలను కదిలిస్తూ పోతాయి. అందుకే దూరం పెరిగే కొద్దీ దీని ఎత్తు తగ్గుతుంది, ఆకారం సాగుతుంది, వేగం సెకనుకు కొద్ది మిల్లీమీటర్లకు మించదు. ఒకసారి మొదలైతే నిమిషాల తరబడి ఉంటుంది. ఈ నెమ్మదితనమే పరికరం ఎంపికను శాసిస్తుంది.

గుండె విద్యుత్ సంకేతాన్ని (ఈసీజీ) చూసే ఏడీ8232 మాడ్యూల్ చవకగా దొరుకుతుందని చాలామంది దాన్నే మొక్కకు తగిలిస్తారు. మార్కెట్లో మామూలుగా దొరికే ఆ బోర్డులో 0.5 హెర్ట్జ్ కంటే నెమ్మదైన మార్పులను కోసేసే ఫిల్టర్ ఉంటుంది. ఐదు నిమిషాల అల దాని గుండా పోతే దాదాపు చదును గీతే మిగులుతుంది. మిగిలిన చిన్న కుదుపును చూసి మొక్క స్పందించిందని రాసుకోవడం తప్పు. మొక్కతో సంగీతం వినిపించే పెట్టెల సంగతి వేరు: వాటిలో చాలావరకు ఆకు వాహకతను కొలుస్తాయి, మొక్క తనంతట తాను పుట్టించే వోల్టేజిని కాదు. ఆకు మీద చెయ్యి పడినా వాటి స్వరం మారుతుంది. అలాంటివాటి ఆధారంగా మొక్కకు భావాలున్నాయని ప్రచారం చేయడం వల్ల, జగదీశ్ చంద్ర బోస్ అత్తిపత్తి మీద ఎంతో శ్రమించి కొలిచిన అసలు విషయం పక్కకు పోతోంది.

ఎలక్ట్రోడ్లు

తీగ మేలిమి వెండిదై ఉండాలి, మందం 0.5 మి.మీ. నగల వెండిలో రాగి కలుస్తుంది. రాగి అయాన్లు మొక్క కణజాలానికి విషం, వోల్టేజినీ నిలకడగా ఉండనివ్వవు. కంసాలి దగ్గర తీయించుకుంటే రాగి కలపని వెండి కావాలని ముందే చెప్పాలి. ఒక్కో ఎలక్ట్రోడ్‌కు 40 మి.మీ. ముక్క చాలు. మూడు కొలిచేవి, ఆ మూడింటి వోల్టేజిని పోల్చుకోవడానికి ఒకటి రిఫరెన్స్, రెండు అదనం కలిపి ఆరు ముక్కలు ఒకే తీగ నుంచి కత్తిరించాలి. వేర్వేరు లోహాలు వాడితే అవే ఒక బ్యాటరీ అవుతాయి.

కొసన 10 మి.మీ. మేర 600 నంబరు గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, వాసనా సబ్బూ కలపని మామూలు బ్లీచ్ ద్రావణంలో, అంటే 4-5 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో, 20 నుంచి 30 నిమిషాలు ముంచాలి. కొస బూడిద కలిసిన ఊదారంగుకు వస్తుంది. అది సిల్వర్ క్లోరైడ్ పూత. పూత మచ్చలు మచ్చలుగా పడితే వేలి జిడ్డు అంటిందని అర్థం, మళ్లీ రుద్ది మొదటి నుంచి చేయాలి. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, అన్ని ముక్కల వెనుక కొసలను కలిపి మెలిపెట్టి, పూత ఉన్న కొసలు 10 మిల్లీమోలార్ (లీటరుకు సుమారు 0.75 గ్రాములు) పొటాషియం క్లోరైడ్‌లో మునిగేలా రాత్రంతా చీకట్లో ఉంచాలి. అలా కలిపి ఉంచితే వాటి మధ్య తేడా సర్దుకుంటుంది. మర్నాడు అదే ద్రావణంలో ఏ రెండింటి మధ్యనైనా తేడా 2 మిల్లీవోల్టులు దాటితే ఆ ముక్కను పక్కన పెట్టాలి.

సోల్డర్ అతుకు దగ్గర జాగ్రత్త పడాలి. జెల్ తీగ పొడవునా పాకి అతుకుకు తగిలిందంటే సీసం, తగరం, రాగి కూడా కొలతలోకి వస్తాయి, గీత పదుల మిల్లీవోల్టులు ఊగుతుంది. అతుకును హీట్ ష్రింక్ గొట్టంలో మూసి, దాని అంచుకు గోళ్ల రంగు రెండు పూతలు వేయాలి.

మొక్కకూ వెండికీ మధ్య ఉండే జెల్: 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 0.075 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 0.5 గ్రాముల అగర్. వేడి చేసి కరిగించి, గోరువెచ్చగా అయ్యాక వాడాలి. వంటలకు అమ్మే చైనా గ్రాస్ పనికొస్తుంది గానీ, పొటాషియం క్లోరైడ్ మాత్రం ల్యాబ్ గ్రేడ్‌దే కావాలి, ఎరువుల కొట్టు పొటాష్ వద్దు. ఈసీజీ జెల్‌లో ఉప్పు ఎక్కువ. గంటల తరబడి ఉంచితే దాని కింద ఆకు మాడిపోతుంది.

జెల్ ఎండడం ఈ మొత్తం పనిలో అతి పెద్ద మోసం. వెండి క్లోరైడ్ ఎలక్ట్రోడ్ వోల్టేజి చుట్టూ ఉన్న క్లోరైడ్ గాఢతను బట్టి ఉంటుంది. బొట్టు సగానికి ఎండి గాఢత రెట్టింపైతే, 25 డిగ్రీల దగ్గర ఎలక్ట్రోడ్ సుమారు 18 మిల్లీవోల్టులు నెగెటివ్ వైపు జరుగుతుంది. గాయం సంకేతం కూడా నెగెటివ్ వైపే వస్తుంది, పరిమాణం కూడా అటూఇటూగా అంతే. ఫ్యాను కింద చిన్న బొట్టు గంటలోనే ఎండుతుంది. కాబట్టి బొట్టు 40 మైక్రోలీటర్లకు తక్కువ పెట్టకూడదు. చుట్టూ వ్యాజిలిన్ గట్టు కట్టి పైన వంటింటి ప్లాస్టిక్ పొర కప్పాలి. సిల్వర్ క్లోరైడ్‌కు వెలుతురు తగిలినా వోల్టేజి మారుతుంది. ప్లాస్టిక్ పొర మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క వేస్తే అదీ తీరుతుంది.

స్టీలు సూదులు, ఆక్యుపంక్చర్ సూదులు ఈ పనికి సరిపడవు. వేగంగా మారే సంకేతాలకు పర్లేదు గానీ నెమ్మది వోల్టేజి దగ్గర వాటి ఉపరితలమే జరుగుతూ ఉంటుంది. గుచ్చడమే ఒక గాయం కూడా.

సర్క్యూట్

ఆకు పైపొర మైనంలా ఉంటుంది. జెల్ వేసినా కాంటాక్ట్ నిరోధం మెగాఓములలో ఉంటుంది. అందువల్ల కొలిచే పరికరం మొక్క నుంచి కరెంటు లాగకూడదు. ఒక నానోయాంప్ బయాస్ కరెంటు (పరికరం ఇన్‌పుట్ లాగే కరెంటు) 10 మెగాఓముల గుండా పోతే 10 మిల్లీవోల్టుల అబద్ధపు వోల్టేజి పుడుతుంది. జెల్ మారినప్పుడల్లా ఆ అబద్ధమూ మారుతుంది. ఇన్‌పుట్ కరెంటు ఫెమ్టోయాంపులలో (నానోయాంపులో పది లక్షల వంతు) ఉండే సీమాస్ రకం ఆప్-యాంప్ (యాంప్లిఫయర్ చిప్) ఎల్‌ఎంసీ6482 ఇక్కడ సరిపోతుంది. ఒక చిప్‌లో రెండు ఆప్-యాంపులు ఉంటాయి, రెండు చిప్‌లు కావాలి. మూడు ఆప్-యాంపులు మూడు ఎలక్ట్రోడ్లకు గెయిన్ లేని బఫర్లు, అంటే వోల్టేజిని పెంచకుండా అలాగే ముందుకు ఇచ్చేవి. నాలుగోది 3.3 వోల్టులను రెండు 100 కిలోఓముల రెసిస్టర్లతో సగం చేసి, ఆ 1.65 వోల్టులను కుండీలోని రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌కు అందిస్తుంది. ఇది లేకపోతే సంకేతం సున్నా కిందికి పోయి తెగిపోతుంది.

కొలతకు, వోల్టేజిని అంకెలుగా మార్చే 16 బిట్ల చిప్ ఏడీఎస్1115. దీనిలో ఏ0, ఏ1, ఏ2 మూడింటినీ విడివిడిగా ఏ3తో పోల్చి చదివే వీలుంది. కాబట్టి రిఫరెన్స్‌ను ఏ3కి ఇచ్చి మూడు ఎలక్ట్రోడ్లను మిగతా మూడింటికి ఇస్తే ఒక్క బోర్డుతో పని అయిపోతుంది. ±0.256 వోల్టుల రేంజిలో ఒక్కో మెట్టు 7.8 మైక్రోవోల్టులు. పదుల మిల్లీవోల్టుల సంకేతానికి వేరే గెయిన్ ఎందుకూ అక్కర్లేదు. ప్రతి బఫర్ తర్వాత 10 కిలోఓములు, 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ పెట్టాలి, 16 హెర్ట్జ్ పైన ఉన్నది తగ్గిపోతుంది. ఏడీఎస్1115 ఇన్‌పుట్ కొంత కరెంటు లాగడం వల్ల చదివిన విలువ దాదాపు ఒకటిన్నర శాతం తగ్గుతుంది, ఈ కేసులో అది లెక్కలోకి రాదు.

మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఒక్కో చక్రం 20 మిల్లీసెకన్లు. ప్రతి చానెల్‌ను సరిగ్గా 200 మిల్లీసెకన్ల పాటు సమాన వ్యవధుల్లో చదివి సగటు తీస్తే పది పూర్తి చక్రాలు పట్టి, 50 హెర్ట్జ్ హమ్ చాలావరకు రద్దవుతుంది. ఏడీఎస్1115ను సొంత గడియారం మీద వదిలేయకూడదు, దాని రేటు పది శాతం దాకా అటూఇటూ ఉండొచ్చు. పిలిచినప్పుడే ఒక్క కొలత తీసే సింగిల్ షాట్ మోడ్‌లో పెట్టి, మైక్రోకంట్రోలర్ టైమరుతో పిలిపించాలి.

మొక్కనూ సర్క్యూట్‌నూ అల్యూమినియం దోమల మెష్ పెట్టెలో పెట్టి, మెష్‌ను సర్క్యూట్ గ్రౌండుకు కలపాలి. నైలాన్ మెష్‌తో ప్రయోజనం లేదు. తీగలు షీల్డ్ ఉన్నవి, మీటరు లోపు, బల్లకు టేపుతో అంటించినవి కావాలి. వేలాడే తీగ గాలికి ఊగితే అదే సంకేతంలా కనిపిస్తుంది. సరఫరా బ్యాటరీ నుంచే ఇవ్వాలి. అయితే చాలా పవర్ బ్యాంకులు ఇంత తక్కువ కరెంటుకు కాసేపట్లో వాటంతట అవే ఆగిపోతాయి, 18650 లిథియం సెల్లూ రెగ్యులేటరూ నమ్మకం. డేటా ఎస్‌డీ కార్డులోకి పోవాలి, వైఫై ఆపేయాలి. వానాకాలంలో బ్రెడ్‌బోర్డు మీద ఈ సర్క్యూట్ పనిచేయదు, తేమకు ఇన్‌పుట్ దగ్గర లీకేజీ వస్తుంది. పీసీబీ మీద సోల్డర్ చేశాక మిగిలిన ఫ్లక్స్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఇన్‌పుట్ పిన్నును బోర్డుకు తగలకుండా గాల్లోకి లేపి నేరుగా తీగకు అతకాలి.

మొక్క పెట్టే ముందు

నాలుగు ఎలక్ట్రోడ్లూ ఒకే గ్లాసు పొటాషియం క్లోరైడ్‌లో ముంచి గంట రికార్డు చేయాలి. గీత అరగంటలో ఒక మిల్లీవోల్టు కంటే జరగకూడదు. తర్వాత 1.5 వోల్టుల సెల్లు, 1 మెగాఓము, 6.8 కిలోఓములతో దాదాపు 10 మిల్లీవోల్టులు తయారుచేసి ఇన్‌పుట్‌కు ఇచ్చి చూడాలి. అదే వోల్టేజిని 10 మెగాఓముల రెసిస్టర్ గుండా ఇచ్చినా అదే అంకె రావాలి. తగ్గిందంటే ఎక్కడో లీకేజీ ఉంది. అది పోయేదాకా మొక్క జోలికి పోకూడదు.

జీవం ఉన్న దాని మీద తొలి పరీక్షకు అత్తిపత్తిని మించింది లేదు, ఎందుకంటే ఆకు ముడుచుకోవడమే కంటికి కనిపించే సాక్ష్యం. కాడ మీద 20 మి.మీ. దూరంలో రెండు ఎలక్ట్రోడ్లు పెట్టి, చిన్నాకుల కొసన మంచునీటి బొట్టు వేయాలి. రెండో ఎలక్ట్రోడ్‌కు సంకేతం సెకను లోపు ఆలస్యంగా రావాలి. ఇంత చిన్న తేడాకు 200 మిల్లీసెకన్ల సగటు మోటు, దీనికి మాత్రం 100కు తగ్గించాలి. కాడ వాలినప్పుడు ఎలక్ట్రోడ్ కదులుతుంది కాబట్టి కాడను ముందే పుల్లకు దారంతో కట్టేయాలి. కట్టిన కాడ వాలకపోయినా చిన్నాకులు ముడుచుకోవడం కనబడుతుంది. మళ్లీ ప్రయత్నించే ముందు ఆకు పూర్తిగా విచ్చుకోవాలి, దానికి పావుగంట పైనే పడుతుంది.

టమాటా మీద రికార్డింగ్

మొక్కకు రెండు గంటల ముందు నీళ్లు పోసి, ఎలక్ట్రోడ్లు అమర్చి, కదపకుండా కనీసం రెండు గంటలు వదలాలి. ఎక్కడ కాలుస్తామో ఆ కొస చిన్నాకు నుంచి 40 మి.మీ. దూరంలో కాడ మీద మొదటి ఎలక్ట్రోడ్, 80 మి.మీ. దగ్గర రెండోది, పై ఆకు కాడ మీద మూడోది. టమాటా కాడ మీది నూగు గాలి బుడగలను పట్టి ఉంచుతుంది. ముందు మెత్తని కుంచెతో ఆ చోటు తడిపి తర్వాత జెల్ వేయాలి. గరుకు కాగితంతో రుద్దితే అదే గాయం. రిఫరెన్స్ తీగను నేరుగా మట్టిలో గుచ్చకుండా, 2 మి.లీ. సిరంజి గొట్టంలో అదే జెల్ నింపి, తీగ అందులో దించి, గొట్టాన్ని తడి మట్టిలో పెట్టాలి. రికార్డింగ్ మధ్యలో నీళ్లు పోస్తే మూడు గీతలూ ఒకేసారి జరుగుతాయి. మట్టిలో ఉప్పుల గాఢత మారడం దానికి ఒక కారణం, నీరందిన మొక్క స్పందన ఇంకొకటి. రెండూ కలిసిపోతే విడదీయలేం.

వెలుతురు స్థిరంగా ఉండాలి. దీపం వేసినా ఆపినా ఆకు వోల్టేజి నిజంగానే మారుతుంది. అది మొక్క స్పందనే గానీ మనం వెతికేది కాదు. వెలుతురు తగ్గించే డిమ్మర్ ఉన్న ఎల్ఈడీ దీపాల డ్రైవర్లు రొద కూడా చేస్తాయి. మూసిన గదిలో తేమ నిండుగా ఉంటే జైలెంలో లాగుడు తగ్గి అల బలహీనమవుతుంది. అలాగని ఫ్యాను నేరుగా మొక్క మీదికి పెట్టకూడదు, పెట్టె బయట గాలి ఆడితే చాలు.

ఐదు నిమిషాల్లో గీత ఒక మిల్లీవోల్టు లోపే జరుగుతోందని తేలాక మరో అరగంట అలాగే నడవనివ్వాలి. అప్పుడు పెట్టె బయట వెలిగించిన అగ్గిపుల్లతో కొస చిన్నాకును రెండు మూడు సెకన్లు కాల్చాలి. గ్యాస్ స్టవ్ లైటర్ వాడకూడదు. క్లిక్ అనగానే వచ్చే స్పార్కు వేల వోల్టులది, రికార్డులో పెద్ద గీత పడుతుంది, సీమాస్ ఇన్‌పుట్ కూడా కాలిపోవచ్చు. కత్తెరతో కోయడం పెట్టుకుంటే లోహం గుండా మన ఒళ్లు మొక్కకు కలుస్తుంది, సిరామిక్ బ్లేడే వాడాలి. కాల్చాక అరగంట దాకా పెట్టె తెరవకూడదు.

గీత చదవడం

మూడు గీతల్లోనూ ఒకే క్షణాన కనిపించే దూకుడు దాదాపు ఎప్పుడూ బయటిదే: చేతి కదలిక, బట్టల్లోని స్టాటిక్, దగ్గర్లో మోటారు ఆన్ కావడం. మొక్క సంకేతం వరుసలో వస్తుంది. కాల్చే ముందు ఐదు నిమిషాల సగటు కంటే 2 మిల్లీవోల్టులు దిగిన క్షణాన్ని ప్రారంభంగా పట్టుకోవాలి. శిఖరాన్ని పట్టుకుంటే లెక్క తప్పుతుంది, వేరియేషన్ పొటెన్షియల్ దూరంతో సాగిపోతుంది కనుక. ఉదాహరణకు మొదటి ఎలక్ట్రోడ్ 20వ సెకనున, రెండోది 45వ సెకనున దిగితే, 40 మి.మీ.కి 25 సెకన్లు, అంటే సెకనుకు 1.6 మి.మీ. రెండో గీత మొదటి దానికంటే లోతు తక్కువగా, వెడల్పు ఎక్కువగా ఉంటే చిత్రం కుదిరినట్టే. అదే సెకనుకు 100 మి.మీ. లాంటి వేగం వస్తే సంతోషించకుండా తీగలు చూసుకోవాలి.

పై ఆకులో సంకేతం రాకపోవడం పరాజయం కాదు. కాలిన ఆకుతో నేరుగా నాళాలు కలిసిన ఆకుకు బలంగా, మిగతావాటికి బలహీనంగా చేరుతుంది. ఏ ఆకు అన్నది రాసుకుంటూ పోతే కొన్ని మొక్కల తర్వాత మొక్క లోపలి దారులు కనబడతాయి. ఈ పనిలో అన్నిటికంటే తృప్తినిచ్చేది అదే.

నమ్మకం కుదరాలంటే మూడు కంట్రోళ్లు (పోల్చి చూసే పరీక్షలు) తప్పవు. వెలిగిన అగ్గిపుల్లను అదే చోటికి తెచ్చి ఆకుకు తగలకుండా, వేడి సోకనంత దూరంలో ఆర్పేయడం ఒకటి. మొక్క బదులు అదే జెల్ ద్రావణంలో తడిపిన నూలు వత్తి మీద ఎలక్ట్రోడ్లు పెట్టి దాని కొసను కాల్చడం రెండోది. మూడోది కాస్త శ్రమ: రెండు ఎలక్ట్రోడ్ల నడుమ కాడను 10 మి.మీ. మేర ఆవిరితో చంపి, ఆ చోటు కూలిపోకుండా పుల్ల కట్టి, చంపడం వల్ల వచ్చిన అల సర్దుకోవడానికి రెండు మూడు గంటలు ఆగి, అప్పుడు కొసను కాల్చాలి. చచ్చిన భాగాన్ని యాక్షన్ పొటెన్షియల్ దాటలేదు. వేరియేషన్ పొటెన్షియల్‌ను మోసుకెళ్లే ఒత్తిడి, రసాయనాలు జైలెం గుండా దాటిపోతాయి. కాల్చినప్పుడు వచ్చింది ఏ సంకేతమో దీనితో తేలుతుంది.

ఒక మొక్కను ఒక్కసారే కాల్చాలి. రక్షణ వ్యవస్థ మేల్కొన్న మొక్కలో రెండో రికార్డును మొదటి దానితో పోల్చలేం. ఒకే రోజు వేసిన నారు నుంచి ఆరు మొక్కలైనా కావాలి, వాటితో పాటు కంట్రోళ్లకు విడిగా మరికొన్ని.

ఇదే అమరికను పాలీహౌస్‌లో రోజుల తరబడి నడపాలంటే జెల్ నిలవదు. కాండంలోకి సన్నని వెండి తీగ గుచ్చాల్సి వస్తుంది. అప్పుడు గుచ్చిన మొదటి రోజు డేటాను లెక్కలోకి తీసుకోకూడదు. తర్వాత గాయం మాని చుట్టూ బెరడు కట్టే కొద్దీ నిరోధం పెరుగుతుంది, రికార్డు క్రమంగా పలచబడుతుంది. డ్రిప్ మోటారు, ఫాగర్ ఆన్ అయిన వేళలను అదే ఫైలులో మరో వరుసగా నమోదు చేస్తే, ఏ దూకుడు పంపుదో ఏది మొక్కదో విడదీయవచ్చు.

పని అయ్యాక ఎలక్ట్రోడ్లను కడిగి, మళ్లీ వెనుక కొసలు కలిపి, 10 మిల్లీమోలార్ ద్రావణం ఉన్న నల్ల సీసాలో ఉంచాలి. ఊదారంగు పోయి వెండి మెరుపు బయటపడిన చోట పూత పోయినట్టే. దాన్ని గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బ్లీచ్‌లో వేసి, జతల మధ్య తేడా 2 మిల్లీవోల్టుల లోపు ఉందని చూశాకే తర్వాతి మొక్కకు వాడాలి.